తెల్లతోక గద్దకు మంజూరైన నిధి

ఒక గద్ద తోకను అతికి, దాన్ని మళ్లీ ఆకాశానికి అప్పగించిన మనిషికి చిల్లిగవ్వ సాయం అందలేదు. ఆ తోకను దూరం నుంచి చూసి నోరెళ్లబెట్టినవాళ్లకు మాత్రం పరిశోధన నిధి మంజూరైంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. తిరస్కరించిన ఉత్తరం ఉంది, మంజూరు చేసిన ఉత్తర్వూ ఉంది. రెండింటి అడుగునా ఉన్నది నిధుల సంఘం అధ్యక్షుడి ఒకే సంతకం. మొదటిదానిలో అది కాస్త విసురుగా, రెండోదానిలో కాస్త పొంగుగా ఉంది, అంతే తేడా.

ఆ మనిషిని వీధి వీధంతా గొడుగక్క అంటుంది. బస్టాండుకు ఎదురుగా ఉన్న పాత భవనంలో, మెట్ల కింద ఆమె దుకాణం. ఆ మెట్ల వాలు కింద తల తగలకుండా మసలగలిగింది ఆమె ఒక్కతే. వచ్చిన ప్రతి గిరాకీ ఒకసారి నెత్తి కొట్టుకుని, ఆ తర్వాతే గొడుగు చాపుతాడు. "తగిలిందా? అయితే ఇంక బేరం ఆడర్లెండి" అన్నది ఆమె పలకరింపు.

లోపల ఒక తీగకు బట్ట ఊడదీసిన గొడుగుల అస్థిపంజరాలు వేలాడుతుంటాయి. రేకు డబ్బాల్లో ఊచలు పొడవును బట్టి సర్ది ఉంటాయి. వంకర పిడులన్నీ ఒక బకెట్లో, నిటారు పిడులన్నీ మరో బకెట్లో. తడిసి ఆరిన బట్ట వాసన ఏ కాలంలోనూ ఆ చోటును విడిచిపోదు. తండ్రి దగ్గర నేర్చిన ఆ పనిలో గొడుగక్కకు ఒక పట్టుదల ఉంది. విరిగిన గొడుగును విరిగినట్టుగా గుమ్మం దాటనివ్వదు. ఊచ దొరక్కపోతే మరో గొడుగు నుంచి తీసి వేస్తుంది. బట్ట రంగు కలవకపోతే ఉన్న రంగే వేస్తుంది. నల్ల గొడుగులో ఒక పసుపు చీలిక, పూల గొడుగులో ఒక గళ్ల చీలిక వీధిలో ఎక్కడ కనిపించినా అది ఎవరి చేతి పనో చెప్పనక్కర్లేదు. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "వాన మిమ్మల్ని రంగు అడిగి కురుస్తుందాండీ?" అని అడుగుతుంది.

గొడుగుల్లోంచి గద్దల్లోకి ఆమె వచ్చింది ఒక వానాకాలపు ఉదయాన. పశువైద్యుడు రెండు చేతుల్లో రెండు సమస్యలతో దుకాణంలోకి దిగాడు. ఒక చేతిలో తిరగబడ్డ గొడుగు, ఇంకో చేతిలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె.

"గొడుగు ఎప్పటికిస్తారక్కా?"

"ముందు ఆ పెట్టెలో గీరుతున్నదేంటో చెప్పండి డాక్టరుగారూ. నా దుకాణంలో గుడ్డు పెట్టిందంటే అది నాదే."

"గద్ద. గుడ్డు పెట్టే హుషారులో లేదు పాపం. కరెంటు తీగల్లో ఇరుక్కుంది. రెక్క నయం చేశాను గానీ తోక ఈకలు సగానికి విరిగిపోయాయి. తోక లేకపోతే మలుపు తిరగలేదు. మలుపు తిరగలేకపోతే దానికి తిండి లేదు."

"కొత్తవి మొలుస్తాయిగా?"

"విరిగిన ఈక కాడ అంత సులువుగా ఊడదక్కా. రాలే కాలం వస్తేనే రాలుతుంది. అప్పటిదాకా బోనులో పెట్టాలి. బోనులో పెడితే ఊచలకి కొట్టుకుని మిగతావి కూడా విరగ్గొట్టుకుంటుంది. విరిగిన కాడలోకి సన్నటి పుల్ల దూర్చి, రాలిపోయిన పాత ఈకని దానికి అతికే పద్ధతి ఒకటుంది. చదివాను, చేసి కూడా చూశాను. కానీ నా వేళ్లు చూడండి, గేదెల కోసం పుట్టిన వేళ్లు."

గొడుగక్క పెట్టె మూత సందులోంచి లోపలికి చూసింది. లోపలి నుంచి ఒక పసుపు కన్ను ఆమెను ఎగాదిగా చూసింది.

"విరిగిన గొట్టంలోకి పుల్ల దూర్చి అతకడమేగా? చేద్దాం. కాకపోతే పట్టుకోవడం మాత్రం మీ వంతు. నా గొడుగులేవీ ఇంతవరకూ కరవలేదు."

మొదటి అతుకు బ్రహ్మాండంగా తప్పింది. ఈకను బోర్లా అతికింది. గద్ద భవనం పైన ఖాళీగా ఉన్న గదిలో ఎగిరి గానుగెద్దులా ఒకే వైపు తిరిగింది. ఏ ఈక ఏ స్థానానిది, ఏ వంపు ఎటు ఉండాలన్నది పశువైద్యుడు బొమ్మ గీసి చూపించాడు. పుల్లకు వెదురు మేలని, అది జారకుండా ఒక చుట్టు దారం బిగించాలని గొడుగక్క కనిపెట్టింది. ఆమె వాడింది ఎర్రదారం. తను బాగుచేసిన ప్రతి గొడుగులోనూ పిడి దగ్గర వేసే గుర్తు కూడా అదే. రెండోసారి అతికిన తోకతో గద్ద కిటికీలోంచి బయటికి దూసుకుపోయి, బస్టాండు మీద ఒక చక్కటి మలుపు తిరిగినప్పుడు ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఎండ బాగా పడే ఆ గదినే అద్దెకు తీసుకున్నారు. గోడలకు వంకర పిడులు బిగించి పక్షులకు కూర్చునే చోట్లు చేశారు. గొడుగుల అట్టపెట్టెల్లో గద్దవి, డేగవి, గుడ్లగూబవి ఈకలు విడివిడిగా దాచారు. నగరంలోని వేటపక్షుల్లో తీగకు, అద్దానికి, జిగురుకు చిక్కి ఈకలు పోగొట్టుకున్నవన్నీ ఆ గదికి రాసాగాయి. అద్దె, మాంసం ఖర్చు ఇంట్లోవాళ్లే సర్దుకునేవారు. గొడుగక్క భర్త సిటీ బస్సు కండక్టరు. "నా జీతంలో సగం రెక్కలొచ్చి ఎగిరిపోతోంది. ఇలా నిజంగా ఎగిరిపోవడం మా ఇంట్లోనే చూశాను" అనేవాడు గానీ, బస్సు దిగి వస్తూ మాంసం కొట్టు దగ్గర ఆగడం మాత్రం మానలేదు.

ఆ గదికి ఒక శాస్త్రం కూడా ఉండేది. గొడుగక్క అక్క కూతురు వేటపక్షుల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకుని, ఉద్యోగం కోసం వెతుకుతూ పిన్ని ఇంట్లోనే ఉండేది. కళ్లజోడు తీయగా ఆమెను చూసినవారు లేరు కాబట్టి వీధిలో ఆమె పేరు కళ్లజోడు. అతుకు ఈకలతో వదిలిన పక్షి వేటాడగలుగుతోందా, జత కడుతోందా, ఈకలు రాల్చే కాలం దాకా అతుకు నిలుస్తోందా అని ఆమె మేడల మీద నిలబడి దుర్భిణితో చూసేది. ఇవి అంతవరకూ ఎవరూ సరిగా జవాబు చెప్పని ప్రశ్నలు. పశువైద్యుడు, గొడుగక్క, కళ్లజోడు ముగ్గురూ కలిసి ఈ ప్రశ్నలతోనే వేటపక్షుల పరిశోధన నిధి కోసం నిధుల సంఘానికి దరఖాస్తు పెట్టారు.

జవాబు క్లుప్తంగా వచ్చింది. మరమ్మతు పరిశోధన కిందికి రాదట. పైగా గద్ద సాధారణ పక్షి కనుక ప్రాధాన్యానికి అర్హం కాదట.

"అంటే ఏంటే?" అంది గొడుగక్క.

"అంటే, ముందు గద్దలన్నీ పోవాలి పిన్నీ. ఏవో నాలుగు మిగిలాక మనం వెళ్లి అడగాలి."

"ఓహో. గొడుగు పూర్తిగా కొట్టుకుపోయాక పిడి ఒక్కటీ పట్టుకుని రమ్మంటారన్నమాట!"

నవ్వారు గానీ, ఆ నవ్వు కింద గుబులు ఉంది. భవనం యజమాని అప్పటికే గది మీద కన్నేశాడు. సరుకులు దింపుకునే గోదాముగా దాన్ని అడుగుతున్నవాళ్లు ఉన్నారట, అద్దె కూడా ఎక్కువ ఇస్తారట. "మీ మీద గౌరవం కొద్దీ వచ్చే వానాకాలం దాకా ఆగుతానమ్మా. ఈలోగా మీకు ఎవరైనా నిధి ఇస్తే సరి, లేకపోతే మీ డేగలు మీ ఇష్టం" అన్నాడు. గది పోతే పక్షులు మళ్లీ పశువైద్యుడి ఇనుప బోనుల్లోకి పోవాలి. అక్కడ నయమైన ఈకలు కూడా విరుగుతాయి. గొడుగక్క మనసులో ముల్లులా దిగింది అదొక్కటే. ఎలాగైనా గది నిలవాలి.

ఆ ఏడు ఒక పెద్ద గాలివాన వచ్చింది. ఒకేసారి చాలా పక్షులు వచ్చిపడటంతో గద్ద తోక ఈకల పెట్టె ఖాళీ అయిపోయింది. చివరికి ఒక ఆడగద్ద మిగిలింది. దాని ఎడమ కాలి గోరు ఒకటి పక్కకు తిరిగి ఉండేది కనుక దాన్ని వంకరగోరు అనేవారు. తోక మధ్య ఈకలన్నీ మొదటికంటా విరిగిపోయాయి. మూలన కూర్చుని తిండి ముట్టడం మానేసింది.

పక్క బేకరీ యజమాని ఒక పెద్ద తెల్ల బాతును పెంచేవాడు. కుక్క బదులు అదే కాపలా. పొడవాటి మెడ సాచి, తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ సమానంగా తరిమేది. దాని రెక్కల నుంచి రాలిన ఈకలు బేకరీ వెనకాల పడి ఉంటే, ఒక మధ్యాహ్నం గొడుగక్క గుప్పెడు ఏరుకొచ్చింది.

కళ్లజోడు ఆ ఈకల్లో ఒకటి తీసి ఎత్తి చూపింది. "పిన్నీ! బాతు ఈకా? అందులోనూ తెల్లదా?"

"పొడవు సరిపోయింది. కాడ లావు సరిపోయింది. వంపు కాస్త తేడా, ఆవిరి చూపిస్తే దారికొస్తుంది."

"జాతి సరిపోవద్దా?"

"నల్ల గొడుగుకి పసుపు ముక్క వేస్తే తడిసిపోయామని ఎవరైనా నా మీదకి గొడవకొచ్చారా?"

"గద్ద గొడుగు కాదు పిన్నీ. రేపు ఎవరైనా చూసి ఇదేదో వేరే పక్షి అనుకుంటే?"

"అనుకోనీ. వచ్చి నన్నడిగితే చెప్తాగా."

బేకరీ యజమాని గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అక్కా, ఈకలిచ్చినందుకు నా బాతుకేమైనా వాటా ఉందా?"

"ఉంది తమ్ముడూ. అది జన్మలో వెళ్లలేని ఎత్తుకి దాని ఈకలు వెళ్తాయి. తీసుకెళ్లి చెప్పు, సంతోషిస్తుంది."

ఇక్కడ తప్పు ఎవరిదంటే గొడుగక్కదే అనాలి. గద్దకు బాతు ఈక అతకడం గొడుగు బాగుచేసే మనిషికి తప్ప ఇంకెవరికీ తోచని తొందరపాటు. కళ్లజోడు ముందే హెచ్చరించింది కూడా. ఒప్పుకోవలసినదాన్ని ఒప్పుకోవలసిందే. అయితే ఆమె దాన్ని ఏనాడూ దాచలేదు. వంకరగోరు తెల్లటి విసనకర్ర లాంటి తోక విప్పి బస్టాండు మీద ఎగిరిన రోజు నుంచీ, గొడుగు ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ ఆ సంగతి చెబుతూనే ఉంది. వినవలసినవారు తప్ప అందరూ విన్నారు.

కొన్నాళ్లకు భర్త పత్రిక పట్టుకుని పరుగున వచ్చాడు. తల కొట్టుకుని, "అబ్బా" అని, పత్రిక పరిచాడు. మొదటి పేజీలో వంకరగోరు ఫొటో. ఈ ప్రాంతంలో మునుపెన్నడూ కనిపించని తెల్లతోక గద్ద అని పెద్ద శీర్షిక. దాన్ని అధ్యయనం చేసి సంరక్షించడానికి, మొదట కనిపెట్టిన పరిశోధక బృందానికి నిధుల సంఘం ప్రత్యేక నిధి మంజూరు చేసిందని కింద వార్త.

గొడుగక్క కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏమండీ, మన వంకరగోరు! ఎంత బావుందో ఫొటోలో!"

"నిధి కూడా బావుంది, చూడు."

ఆమె నవ్వు ఆగింది. "దీనికిచ్చారా నిధి? మనం అతికిన తోకకా?"

"మనకి కాదులే. తోకకి."

మర్నాడే ఆమె సంఘం కార్యాలయానికి వెళ్లింది. ఏ విషయమైనా రాసి ఇవ్వాలన్నారు. కళ్లజోడు రాసి ఇచ్చింది. మీ అభిప్రాయాన్ని గమనించాం అని జవాబొచ్చింది. అభిప్రాయమట! అతికిన చేయి తాను అతికానని చెబితే అది అభిప్రాయం. చూసిన కన్ను తనకు తోచింది చెబితే అది నిర్ధారణ.

తెల్లతోక గద్ద గురించి సంఘం ఒక బహిరంగ సభ పెట్టింది. ఎవరైనా రావచ్చని పత్రికలో వేశారు కాబట్టి గొడుగక్క, కళ్లజోడు, పశువైద్యుడు వెళ్లారు. మూత ఉన్న పెద్ద బుట్ట ఒకటి పట్టుకుని బేకరీ యజమాని కూడా వెళ్లాడు. అధ్యక్షుడు గంభీరమైన గొంతు ఉన్న మనిషి. తెర మీద తోకను ఇంత పెద్దది చేసి చూపిస్తూ, ఆ తెలుపు ఎవరో రంగు పూసినది కాదని నిపుణులు తేల్చారని ప్రకటించాడు.

గొడుగక్క లేచి నిలబడింది. "నిజమేనండీ, రంగు కాదు. పుట్టుకతోనే తెలుపు. కాకపోతే పుట్టింది బాతుకి."

సభ గొల్లుమంది. అధ్యక్షుడు కళ్లద్దాల మీదుగా చూశాడు. "అమ్మా, మీరెవరు?"

"గొడుగులు బాగుచేస్తానండి. తీరికున్నప్పుడు గద్దల్ని కూడా."

"మీ మాటకి ఆధారం?"

"తమ్ముడూ, తియ్యి మూత."

బుట్టలోంచి పొడవాటి తెల్లమెడ పైకి లేచి, ముందు వరుసలోని సభ్యుల మీద బుసకొట్టింది. ఒక సభ్యుడు కుర్చీ ఎక్కేశాడు.

"సభలోకి పక్షుల్ని తీసుకురాకూడదు!" అన్నాడు అధ్యక్షుడు.

"పక్షుల సభ కదా అని తెచ్చామండీ" అన్నాడు బేకరీ యజమాని, ఎంతో వినయంగా.

పశువైద్యుడు లేచి, ఈక అతుకు పద్ధతిని రెండు ముక్కల్లో వివరించాడు. కళ్లజోడు తను తీసిన పాత ఫొటోలు చూపించింది. గొడుగక్క తన గుర్తు చెప్పింది. "ఈకలు రాలే కాలం వస్తోందండీ. రాలిన తెల్ల ఈక ఏదైనా తీసి కాడలోకి చూడండి. వెదురు పుల్ల ఉంటుంది, దాని మీద ఒక చుట్టు ఎర్రదారం ఉంటుంది. నేను చేసిన ప్రతి గొడుగుకీ అదే గుర్తు. కావాలంటే మీ గొడుగే చూసుకోండి."

అధ్యక్షుడి కుర్చీకి ఆనించి ఉన్న నల్ల గొడుగులో ఒక నీలం చీలిక ఉంది. పిడి దగ్గర ఎర్రదారం ఉంది. ఆయన ఇంట్లోవాళ్లు ఎప్పుడో బాగు చేయించారు. ఆయన గొడుగు వైపు చూశాడు, సభ వైపు చూశాడు. "గమనించాం" అని చెప్పి తర్వాతి ఫొటో చూపించాడు.

ఈకలు రాలే కాలం రానే వచ్చింది. ఒక సాయంత్రం, ఆ నిధితో తెల్లతోక గద్ద వెంట తిరుగుతున్న బృందంలోని అమ్మాయి దుకాణంలోకి వచ్చి తల కొట్టుకుంది.

"తగిలిందా? అయితే—"

"బేరానికి రాలేదండీ. ఇది మీదేనా అని అడగడానికొచ్చాను." ఆమె చేతిలో తెల్లటి ఈక ఉంది. కాడ మొదట్లో గద్ద సొంత కాడ ముక్క, అతుకు సందులో వెదురు పుల్ల, దాని మీద ఎర్రదారం. "నీళ్ల ట్యాంకు కింద దొరికింది. నవ్వాపుకోలేక మెట్ల మీదే కూర్చుండిపోయాను."

"చూశావా, అతుకు చెక్కు చెదరలేదు!" అని గొడుగక్క ఈకను దీపం దగ్గరికి పట్టుకుని మురిసిపోయింది. "కళ్లజోడూ, ఇలా రా! రాలే కాలం దాకా నిలిచిందే! ఇదేగా నీ ప్రశ్న?"

ఆ అమ్మాయి నిజాయితీ గల మనిషి. ఈకనూ, జరిగినదంతా రాసిన కాగితాన్నీ సంఘానికి అందజేసింది. మిగతా తెల్ల ఈకలు కూడా ఒక్కొక్కటే రాలాయి, వాటి చోట గోధుమరంగు ఈకలు వచ్చాయి. ఆ తర్వాత వెలువడిన సంఘం నివేదికలో ఉన్న వాక్యం ఇది: "తెల్లతోక గద్ద ఈ ప్రాంతం నుంచి అంతరించినట్లు భావించవలసి వస్తోంది. కారణాల అన్వేషణకు అదనపు నిధి అవసరం." ఈక గురించి ఒక్క ముక్క లేదు.

కళ్లజోడు ఆ వాక్యం చదువుతున్నప్పుడు అంతరించిన పక్షి ఎదురుగా వీధిదీపం మీద కూర్చుని ఉంది. ఎడమ కాలి గోరు పక్కకు తిరిగే ఉంది. కింద బేకరీ ముందు బాతు మెడ సాచి దాన్ని తిడుతోంది. గద్ద నిదానంగా కొత్త తోక దువ్వుకుంటోంది.

"పాపం, ఎంత ఆరోగ్యంగా అంతరించిందో చూడండి" అన్నాడు భర్త.

అందరూ పడీ పడీ నవ్వుతుండగానే భవనం యజమాని మనిషి టేపు పట్టుకుని గది కొలవడానికి పైకి వెళ్లాడు. నవ్వు సగంలో తెగింది. పైన అప్పుడు ఒక డేగ, రెండు గుడ్లగూబలు ఉన్నాయి. డేగకు అతుకు జిగురు ఇంకా ఆరలేదు. గొడుగక్క మెట్ల దగ్గరికి వెళ్లి, "కొలుచుకో నాయనా, కొలిస్తే గది అరిగిపోదు. వానలు పడనివ్వమని మీ ఓనరుగారితో చెప్పు. గొడుగులన్నీ నా దగ్గరికే వస్తాయి, పెంచిన అద్దె ఒక నెల్లాళ్లు ఎలాగోలా ఇస్తాను" అని కేకేసింది. వెనక్కి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఒసేయ్, ఇంకో దరఖాస్తు రాయవే."

"ఏం రాయను పిన్నీ? అదే ప్రశ్న, అదే జవాబు."

"అదే రాయి. చివర్లో ఒక మాట చేర్చు. అంతరించిన తెల్లతోక గద్దని వెనక్కి తెప్పించగలం, ఎన్ని కావాలో చెప్పమను. పక్క వీధిలో నల్ల బాతు కూడా ఉంది, నల్లతోక కావాలన్నా ఇద్దాం."

కళ్లజోడు ఆ మాట తప్ప మిగతాదంతా రాసింది. ఈసారి ప్రశ్నకు జవాబులో కొంత భాగాన్ని కూడా జతచేసింది: అతుకు ఈక రాలే కాలం దాకా నిలిచింది, ఆ తోకతో పక్షి వేటాడింది, ఆకాశంలో మిగిలింది. ఆ దరఖాస్తు సంఘం కార్యాలయానికి చేరినట్లు ముద్ర వేసిన రసీదు ఉంది. జవాబు లేదు.

నిధుల సంఘం అధ్యక్షులవారూ, సభ్యులారా! అంతరించిందని మీరు ప్రకటించిన పక్షి బస్టాండు ఎదురుగా రోజూ ఎండ కాచుకుంటోంది, వచ్చి చూడండి. మీ నివేదికలోని ఆ వాక్యాన్ని కొట్టివేయండి. ఆ అమ్మాయి మీ చేతికిచ్చిన ఈకను బయటపెట్టి, అది ఎవరి పనో అచ్చులో చెప్పండి. అంతరించడానికి కారణాలు వెతకడానికి దాచుకున్న అదనపు నిధిని, అంతరించకుండా చూస్తున్న ఆ గదికి వానాకాలం మొదలయ్యేలోగా మంజూరు చేయండి. మీరు వచ్చేటప్పుడు ఆ గొడుగు కూడా తెచ్చుకోండి, దాని మీద సంతకం చేసిన మనిషి అక్కడే ఉంటుంది. మెట్ల దగ్గర తల వంచి రండి.